దీపం పథకాన్ని న్యూ హాంప్‌షైర్‌కు విస్తరించాలి

పేదిళ్ళకు వంటగ్యాస్ ఇచ్చే దీపం పథకం గురించి ఆంధ్రప్రదేశ్ పౌరసరఫరాల శాఖవారికి ఒక విన్నపం. తెలుగుజాతిలో ఒక వర్గం ఇంకా కట్టెల పొయ్యి దగ్గరే మగ్గిపోతోంది. వీళ్ళు మన్యంలో లేరు, నల్లమలలో లేరు. అమెరికాకు ఈశాన్య మూలన న్యూ హాంప్‌షైర్, మసాచుసెట్స్ రాష్ట్రాల్లో, నాలుగేసి పడకగదుల ఇళ్ళలో ఉన్నారు. అక్టోబరు చివర పొయ్యి రాజేస్తే ఏప్రిల్ దాకా ఆర్పరు. పొద్దున్నే లేచి బూడిద ఎత్తుతారు, అర్ధరాత్రి దాటాక లేచి మొద్దు వేస్తారు. వీళ్ళలో ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు. సమస్య ఎంత ముదిరిందో అందులోనే తెలుస్తోంది.

ముందు లెక్క చెప్పాలి, ఎందుకంటే వాళ్ళు ముందు చెప్పేది అదే. అక్కడ కట్టెలకు కొలత కార్డు. నాలుగడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున పేర్చిన దొంతర, అంటే 128 ఘనపుటడుగులు. ఇల్లంతా కట్టెలతోనే వెచ్చబెట్టుకునే సంసారానికి ఒక చలికాలానికి నాలుగు నుంచి ఆరు కార్డులు పడతాయి. అయిదు అనుకుందాం. పొయ్యిలో పట్టేట్టు పదహారంగుళాలకు కోసిన ముక్కల్ని నాలుగడుగుల ఎత్తున ఒంటివరసగా పేర్చుకుంటూ పోతే 120 అడుగుల గోడ లేస్తుంది. బాగా ఎండిన ఓక్ అయితే బరువు ఎనిమిది టన్నులు. కార్డు మూడు నాలుగు వందల డాలర్లు.

వీకెండ్ విందుల్లో ఇదివరకు ఇళ్ళ ధరలు, పిల్లల కాలేజీలు, హెచ్‌వన్‌బీ కష్టాలు మాట్లాడుకునేవాళ్ళు. ఇప్పుడు మగవాళ్ళు నలుగురు కలిస్తే "మీకు ఎన్ని కార్డులు పడుతున్నాయండీ?" అంటున్నారు. ఇందులో రెండు మతాలున్నాయి. ఎనిమిది అని చెప్పుకుని రొమ్ము విరుచుకునేవాడిది మొదటి మతం: అంత ఇల్లు, అంత ఓపిక, అంత కండ. రెండున్నర అని చెప్పి చిన్నగా నవ్వేవాడిది రెండోది: అంత మంచి పొయ్యి, అంత గట్టి గోడలు, అంత తెలివి. మొదటివాడు ఒకటి కలిపి చెబుతాడు, రెండోవాడు ఒకటి తగ్గించి చెబుతాడు. నిజంగా కొలిచినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఇద్దరి ఇళ్ళ నేలమాళిగల్లోనూ 275 గ్యాలన్ల హీటింగ్ ఆయిల్ ట్యాంకు ఉంటుంది. అది చప్పుడు చేయకుండా మిగతా పని కానిస్తుంటుంది. దాని ఊసు విందులో రాదు.

ఇంతకీ ఆ కార్డు అయినా పూర్తి కార్డా? మన అడితిలో కట్టెలు కాటా వేసి అమ్ముతారు కాబట్టి, వ్యాపారి తెలివైనవాడైతే ముందురోజు సాయంత్రం నాలుగు బిందెల నీళ్ళు చల్లిస్తాడు. అమెరికాలో కొలత బరువు కాదు, చోటు. అందుకని అక్కడి వ్యాపారి కట్టెకూ కట్టెకూ మధ్య ఉడత దూరేంత సందు వదిలి పేరుస్తాడు. ఇక్కడ నీళ్ళు అమ్ముతారు, అక్కడ గాలి అమ్ముతారు. పైగా "ఫేస్ కార్డు" అని ఇంకో కొలత తెచ్చిపెట్టారు. ఎత్తూ పొడవూ కార్డువే, లోతు మాత్రం ఒక్క కట్టె పొడవు. అసలు దాంట్లో మూడోవంతు. కొత్తగా వెళ్ళిన మనవాడు మూడు కార్డులు కొన్నానని మురిసి ఒకటి ఇంటికి తెచ్చుకుంటాడు. ఈ గొడవ పడలేక మెయిన్ రాష్ట్రం వాళ్ళు చట్టమే రాసుకున్నారు. పేర్చకుండా బండిలో కుమ్మరించి అమ్మితే, ఆ పొట్టి ముక్కల కార్డుకు 180 ఘనపుటడుగులు ఉండాలట. గాలికి కూడా చట్టబద్ధంగా వాటా ఇచ్చారన్నమాట.

అసలు మనకు ఈ విద్య వారసత్వంగా వచ్చింది కాదు. తెలుగుదేశంలో నీళ్ళకాగు కింద మంట ఉంది, బాలింత మంచం పక్కన కుంపటి ఉంది, భోగిమంట ఉంది. లంబసింగిలోనో, ఆసిఫాబాద్ వైపు గిన్నెధరిలోనో చలి కొరికేస్తుంటే జనం వీధిలో నెగడు వేసుకుని కూర్చుంటారు. ఇల్లు మొత్తాన్ని కాచుకోవాలన్న ఆలోచన మన తాతల బుర్రల్లోకి రాలేదు. అందుకే కాబోలు, మనవాళ్ళు దీన్ని కొత్తగా మతం పుచ్చుకున్నవాళ్ళ నిష్ఠతో పాటిస్తున్నారు. అమెరికాలో ఉన్న మా బావ దగ్గర కట్టెలో తేమ కొలిచే మీటరుంది. రెండు సూదులు గుచ్చితే శాతం చూపిస్తుంది. ఇరవై దాటితే ఆ కట్టె పొయ్యిలోకి రాకూడదు: పొయ్యి చల్లబడుతుంది, పొగ ఎక్కువవుతుంది, పొగగొట్టం లోపల తారు పేరుకుని ఏదో ఒక రాత్రి గొట్టమే అంటుకుంటుంది. అది నిజమే, అందులో వేళాకోళం లేదు. ఓక్ ఆ మాత్రం ఎండాలంటే చీల్చి పేర్చాక రెండు వేసవులు పడుతుంది. అంటే మా బావ ఈ ఏడాది కొట్టేవి రెండేళ్ళ తర్వాతి చలికి. ఆయన వీసా గడువు అంతకు ముందే ముగుస్తుందన్నది వేరే సంగతి.

నార్వేతో పోలిస్తే మనవాళ్ళు ఇంకా నయం. 2013 ఫిబ్రవరిలో అక్కడి ప్రభుత్వ టీవీ ఒక రాత్రంతా కట్టెల మీదే కార్యక్రమం వేసింది. పన్నెండు గంటలు. మొదటి నాలుగు గంటలు కట్టెలు కోయడం, చీల్చడం, పేర్చడం గురించి ముచ్చట్లు. మిగిలిన ఎనిమిది గంటలు మండుతున్న పొయ్యి, అంతే. జనం కళ్ళప్పగించి చూశారు. చూసి ఊరుకున్నారా? ఫిర్యాదులు పంపారు. బెరడు పైకి ఉండేట్టు పేర్చారని సగం మంది, కిందికి ఉండేట్టు పేర్చారని సగం మంది. నామం ఎలా పెట్టాలన్నదాని మీద శ్రీవైష్ణవుల వడగలై తెంగలై తగవులు చూసినవాళ్ళం, మనకది కొత్తగా అనిపించకూడదు.

మా అత్తయ్య మొన్న చలికాలానికి అమెరికాలో కొడుకు దగ్గరికి, అంటే మా బావ ఇంటికి వెళ్ళింది. ఆవిడకు 1999లో, దీపం పథకం వచ్చిన కొత్తలో, డ్వాక్రా సంఘంలో ఉన్నందుకు గ్యాస్ కనెక్షన్ వచ్చింది. ఆ రోజే ఊదుగొట్టం తీసి పెంట మీద పారేసింది. పాతికేళ్ళ తర్వాత కొడుకు ఇంటి వెనక 120 అడుగుల కట్టెల గోడ చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒరే, ఇన్ని కట్టెలెందుకురా? నేనింకా బాగానే ఉన్నాను కదా" అంది.

బావ నొచ్చుకున్నాడు గానీ ఆవిడ లెక్కలో తప్పు లేదు. మన వైపు ఒక మనిషికి అయిదు క్వింటాళ్ళు చాలు. ఎనిమిది టన్నులంటే పదహారు మందిని దర్జాగా సాగనంపొచ్చు. వీధివీధంతా ఖాళీ అయ్యేంత సరంజామా పెరట్లో పెట్టుకుని, ఇది పర్యావరణ హితం అంటున్నాడు కొడుకు.

ఇక్కడే రెండు ప్రభుత్వాల మాట చెప్పుకోవాలి. అత్తయ్యకు దీపం చేసిన మేలే దేశమంతటా చేయడానికి భారత ప్రభుత్వం 2016 మే 1న ఉజ్జ్వల పథకం పెట్టింది. కట్టెల పొయ్యి వదిలి గ్యాస్‌కు రమ్మని, కనెక్షన్‌కు 1,600 రూపాయలు తానే భరించింది. అమెరికా ప్రభుత్వం 2023 నుంచి 2025 చివరిదాకా కట్టెల పొయ్యి కొనుక్కునేవాళ్ళకు ఖర్చులో ముప్ఫై శాతం, ఏడాదికి 2,000 డాలర్లకు మించకుండా, ఆదాయపు పన్నులో తగ్గించింది. పొయ్యి సామర్థ్యం 75 శాతం ఉంటే చాలు. తల్లి పొయ్యి మానడానికి ఒక దేశం డబ్బిస్తే, కొడుకు పొయ్యి పెట్టడానికి ఇంకో దేశం డబ్బిచ్చింది. ఒకే కుటుంబం రెండు ప్రభుత్వాల సొమ్మూ తిని, మొదలుపెట్టిన చోటికే వచ్చింది.

రెండూ ఒకటి కావని బావ వాదన. నిజమే, ఒప్పుకోవాల్సిందే. ఆయన పొయ్యి పోత ఇనుముది, ముందు గాజు తలుపుంది, ఇంటి కప్పు దాటి పైకి పోయే పొగగొట్టముంది. 2020 నుంచి అక్కడ అమ్మే కొత్త పొయ్యిలు గంటకు రెండు, రెండున్నర గ్రాములకు మించి మసి వదలకూడదని నిబంధన. మా అత్తయ్య పొయ్యి మూడు రాళ్ళది. గొట్టమంటే ఆవిడ గొంతే. ఇళ్ళలో పొయ్యిపొగ వల్ల 2020లో 32 లక్షల మంది పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్ళెవరి పొయ్యికీ గాజు తలుపు ఉండి ఉండదు.

కాకపోతే గొట్టంలోంచి పోయిన పొగ పైలోకానికి పోదు, పక్కింటికి పోతుంది. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో చలి బాగా ముదిరిన రోజుల్లో గాలి కదలదు, పొగ ఊరి మీదే దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. అలాంటప్పుడు పొయ్యిలు వెలిగించొద్దని అధికారులు కబురు పెడతారు. అంటే పొయ్యి బాగా అవసరమైన రోజే దానికి సెలవు. లండన్ సంగతి ఇంకా బాగుంటుంది. 1952లో పొగమంచు వేల ప్రాణాలు తీస్తే, 1956లో చట్టం చేసి బొగ్గుపొగ వదిలించుకున్నారు. పీడ విరగడయ్యాక కలిగినవాళ్ళు ముచ్చటపడి కట్టెల పొయ్యిలు పెట్టించుకున్నారు. చివరికి 2021 మేలో ఇంగ్లండులో పచ్చికట్టెలు చిల్లరగా అమ్మడం నిషేధించాల్సి వచ్చింది.

ఈ విన్నపం ఉత్తర మెయిన్‌లోనో వెర్మాంట్ కొండల్లోనో ఆయిల్ కొనే స్తోమత లేక కట్టెలు కాల్చేవాళ్ళ గురించి కాదని మనవి. అలాంటివాళ్ళ కోసం అక్కడ ఉడ్ బ్యాంకులున్నాయి. ఊరివాళ్ళు కట్టెలు కొట్టి పోగేసి, లేనివాళ్ళకు ఊరికే ఇస్తారు. వాళ్ళను ఎన్ని కార్డులు అని అడిగితే "ఉన్నన్ని" అంటారు. అంతకుమించి ఆ టాపిక్ మీద వాళ్ళకు ఆసక్తి ఉండదు.

మళ్ళీ బావ ఇంటికి వద్దాం. కట్టెలు తెప్పించేది ఆయన, పేర్చేది ఆయన, స్వీడన్ గొడ్డలి కొన్నది ఆయన, ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టేదీ ఆయనే. పొద్దున ఎనిమిదిన్నరకు ఆఫీసుకు పోతాడు. పొయ్యి గంటగంటకూ మేత అడుగుతుంది. ఇంట్లోంచి పనిచేసే మా అక్క మీటింగుకూ మీటింగుకూ మధ్య, కెమెరా ఆపేసి, వసారాలోంచి కట్టెలు మోసుకొచ్చి వేస్తుంది. బూడిద కూడా ఆవిడే ఎత్తుతుంది, ఎందుకంటే బూడిద ఎత్తుతున్న ఫొటోకు లైకులు రావు. అత్తయ్య అక్కడికి చేరాక ఆ భారం కొంత తగ్గింది. బావ అగ్గి రాజేయాలంటే ప్రత్యేకంగా కొన్న మైనపు బిళ్ళలు, చేవదేరిన పైన్ పుల్లలు, యూట్యూబ్ కావాలి. అత్తయ్య నాలుగు చితుకులు ఏరి, అట్టముక్క చించి పెట్టి, ఒక్క అగ్గిపుల్లతో అంటించేసింది. విందుకు వచ్చినవాళ్ళు చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు. ఆవిడకు సిగ్గేసింది. "దీనికెందుకు నాయనా చప్పట్లు, దీన్ని తప్పించుకోడానికేగా ఆఫీసు చుట్టూ తిరిగి గ్యాస్ తెచ్చుకుంది" అంది.

కాబట్టి పౌరసరఫరాల శాఖవారు దయతలచాలి. 2024 నవంబరు నుంచి రాష్ట్రంలో దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తున్నారు. ఈ ప్రవాసాంధ్ర కట్టెల బాధితులనూ అందులో చేర్చాలి. రేషన్ కార్డు లేదన్న అభ్యంతరం పెట్టొద్దు, వాళ్ళ దగ్గర ఇంతకన్నా పెద్ద కార్డులు అయిదేసి ఉన్నాయి. కనెక్షన్ ఇంటి ఆడవాళ్ళ పేరు మీదే ఇవ్వాలి. బావ పేరు మీద ఇస్తే సిలిండర్లను కూడా వరసగా పేర్చి ఫొటో తీస్తాడు.

ఈ ఉద్దేశంతో మా అక్క తరఫున నేనే ఒక దరఖాస్తు నింపడానికి కూర్చున్నాను. పేరు, ఊరు, కుటుంబ సభ్యుల సంఖ్య, వంటకూ వెచ్చదనానికీ వాడే ఇంధనం, అన్నీ సజావుగానే సాగాయి. 'ఇంట్లో ఇప్పటికే గ్యాస్ సిలిండర్ ఉందా' అన్న గడి దగ్గర ఆగి ఫోన్ చేశాను. అక్క మీటింగులో ఉంది, బావ కట్టెలు కొడుతున్నాడు. అత్తయ్య ఎత్తింది.

"ఉంది బాబూ, వెనకాల డెక్ మీద," అంది. "ఎండాకాలంలో దాని మీద కోడిని కాలుస్తాడు."