బొట్టుబిళ్లల బోధన

పోయిన ఏడాది మాకు రెండు రోజుల శిక్షణ పెట్టారు. పిల్లల ప్రవర్తనను శాస్త్రీయంగా తీర్చిదిద్దడం ఎలా అన్నది విషయం. హాల్లో ఉక్కపోత, మైకు గరగర. అయినా సాయంత్రం నాలుగున్నర దాకా ఒక్క టీచరు కూడా కుర్చీ కదిలితే ఒట్టు. ఎందుకంటే దారిఖర్చుల టీఏ డబ్బులు నాలుగున్నరకి, రెండో సంతకం పెట్టాకే ఇస్తారు. ఆ రెండు రోజుల్లో నా తలకెక్కిన పాఠం అదొక్కటే. మిగతాది ఇంటికొచ్చి చదువుకున్నాను.

చదివితే తేలిందేమిటంటే, ఈ శాస్త్రానికంతటికీ మూలం కుక్క చొంగ. రష్యాలో పావ్లోవ్ అనే మహానుభావుడు జీర్ణరసాల మీద పనిచేసి 1904లో నోబెల్ తెచ్చుకున్నాడు. తిండి పెట్టే ముందు రోజూ ఒకే చప్పుడు వినిపిస్తూ పోతే, కొన్నాళ్లకి తిండి లేకపోయినా ఆ చప్పుడుకే కుక్క నోరూరుతుందని ఆయన చూపించాడు. ఇందులో అంత వింతేముందో నాకు అంతుపట్టలేదు. మా బడి వేపచెట్టుకి వేలాడే రైలుపట్టా ముక్క మీద మధ్యాహ్నం దెబ్బ పడితే ఏడో తరగతి మొత్తానికి జరిగేది అదే. గుడ్డు పెట్టే రోజైతే దెబ్బ పడకముందే. ఆ గంట కొట్టే ఆయాకి నోబెల్ సంగతి అటుంచండి, జీతమే మూడు నెలలకోసారి.

తర్వాత అమెరికాలో స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బయల్దేరాడు. పావురాలకి గింజలు వేసి ఏ పనైనా చేయించగలనన్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో బాంబుని గురి వైపు నడిపించడం కూడా నేర్పాడు, కానీ సైన్యమే భయపడిందో నవ్వుకుందో మరి, చివరికి వద్దంది. ఆయనే 1953లో కూతురి లెక్కల క్లాసు చూడ్డానికి వెళ్లాడు. చేసిన లెక్క తప్పో ఒప్పో పిల్లలకి మర్నాటిదాకా తెలియట్లేదని తెగ బాధపడి, అప్పటికప్పుడు చెప్పే యంత్రం తయారుచేశాడు. మర్నాటికే! మా బళ్లో దసరాకి ముందు ఇచ్చిన నోటుపుస్తకం దసరా అయ్యాక తిరిగొస్తుందని తెలిస్తే ఆ పెద్దమనిషి ఏమైపోయేవాడో.

సరే, మంచిపని చేసిన మరుక్షణం బహుమతి పడాలి. స్టార్ స్టిక్కర్ల ఖర్చు భరించలేక ఫ్యాన్సీ షాపులో బొట్టుబిళ్లల అట్టలు కొన్నాను. మా క్లాసులో వెనక వరుస పిల్ల ఒకతి, లైబ్రరీ పెట్టెలోని కథల పుస్తకాలన్నీ నేను చెప్పకుండానే నమిలేసేది. అలాంటి పిల్లకి ఏమీ ఇవ్వకపోవడం శాస్త్రద్రోహం కదా! పుస్తకానికో బిళ్ల అని ప్రకటించాను. మొదటి వారమే ఏడు బిళ్లలు. నా ఛాతీ ఉప్పొంగింది. తీరా చూస్తే ఏడూ పదహారేసి పేజీల బొమ్మల పుస్తకాలు. అట్ట అయిపోయిన రోజు నా చొక్కా జేబు వైపు చూసి, "బిళ్లలు లేవా సార్?" అంది. లేవన్నాను. చేతిలో ఉన్న లావుపాటి పుస్తకాన్ని మెల్లగా మళ్లీ పెట్టెలో పెట్టేసింది.

లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అని ముగ్గురు 1973లోనే ఈ సంగతి రాశారట. బొమ్మలేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి వేయించిన చిన్నపిల్లలు, ఆ తర్వాత తమంతట తాము బొమ్మలేయడం తగ్గించేశారట. మా శిక్షణలోనూ ఇది చెప్పే ఉంటారు. ఆ టైముకి సమోసాలు వచ్చాయి.

ఇక శిక్ష. వీధిబడి పంతుళ్లకి కోదండం, గుంజీళ్లు, తొడపాశం అని పెద్ద అమ్ములపొదే ఉండేది. 2009 విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్‌తో కొట్టడమూ పోయింది, మనసు నొప్పించి వేధించడమూ పోయింది. మంచిదే. మాకు మిగిలిన ఆయుధం "బయట నిలబడు" ఒక్కటే. మార్చి నెల, రేకుల గది, కరెంటు లేదు. ఒక గడుగ్గాయిని బయట నిలబెట్టాను. మర్నాడు మళ్లీ వాడే అల్లరి చేశాడు. వారం తిరిగేసరికి బయట నలుగురు తేలారు. అనుమానమొచ్చి నేనూ వెళ్లి అక్కడ నిలబడి చూశాను. వేపచెట్టు నీడ, చల్లగాలి, గేటు అవతల పుల్లైసు బండి. నాకే లోపలికి రాబుద్ధి కాలేదు. మనం దానికి శిక్ష అని పేరు పెట్టుకుంటే పెట్టుకోవచ్చు గానీ, దేనివల్ల ఆ పని పెరుగుతుందో అది గింజేనని స్కిన్నర్ లెక్క.

చివరి సంగతి చెప్పడానికి కాస్త సిగ్గుగానే ఉంది. పాఠమయ్యాక "అర్థమైందా?" అంటాను. "కాలేదు సార్" అన్న రోజు మళ్లీ మొదట్నుంచీ చెబుతాను, వాళ్ల ఆటల పీరియడ్ గోవిందా. "అర్థమైంది సార్" అన్న రోజు సుద్దముక్క కింద పెట్టేస్తాను. వాళ్లకి ఆట, నా గొంతుకి విశ్రాంతి. ఇలా ఏళ్ల తరబడి నేను వాళ్లకి, వాళ్లు నాకు గింజలు వేసుకుంటూనే ఉన్నాం.

మొన్న సోమవారం భిన్నాల గుణకారం మొదలెడదామని బోర్డు దగ్గరికెళ్లాను. తేదీ వేశాను. ఇంతలో దగ్గు తెర వచ్చి ఒక్క క్షణం ఆగి, పిల్లల వైపు తిరిగాను.

"అర్థమైంది సార్!" అన్నాయి ముప్ఫై ఎనిమిది గొంతులు ఒక్కసారిగా.

నా చెయ్యి దానంతటదే వెళ్లి డస్టర్ అందుకుంది.