ముందు తిట్టి, తర్వాత చాకు అడిగేవాళ్లకు

పోయిన నెల పాతపట్నంలో చుట్టాల గృహప్రవేశం. వంటవాళ్లు తెచ్చిన నూనె ప్యాకెట్ల అట్టపెట్టె విప్పాలి, ఇల్లంతా కత్తెర కోసం వెతుకుతున్నారు. కొత్త ఇల్లు కదా, ఏ వస్తువు ఏ సంచిలో ఉందో ఎవరికీ తెలియదు. నేను జేబులోంచి చాకు తీసి, మడత విప్పి, టేపు కోసి, మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాను. అర నిమిషం పని. అక్కడున్న నలుగురి చూపులు మాత్రం భోజనాల దాకా నన్ను వదల్లేదు. "జేబులో కత్తి ఏమిటి బావా, ఎవరి మీద పగ?" అన్నాడు మా బావమరిది. "పోలీసులు పట్టుకున్ననాడు తెలుస్తుంది" అన్నారు మా పెదమామయ్య.

సరే, ఆ తర్వాత ఏమైంది? తోరణాల పురికొస తెంపడానికి ఒకరు అడిగారు. అరటి గెల నుంచి హస్తాలు కోయడానికి ఇంకొకరు. పిల్లవాడి బొమ్మ డబ్బా విప్పడానికి మరొకరు. సాయంత్రానికి ఆ చాకు నా జేబులో కంటే వాళ్ల చేతుల్లోనే ఎక్కువసేపు ఉంది. చివరికి తెచ్చి ఇచ్చింది మా పెదమామయ్యే, అరటి జిగురు కూడా తుడవకుండా.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, చుట్టాలలో సగం మంది అటు ఉండిపోయారు. బియ్యం, పప్పుల హోల్‌సేల్ దుకాణం నాది. రోజుకు ఎన్ని బస్తాలు విప్పుతానో లెక్కపెట్టలేదు. బస్తా మూతి కుట్టులో సరైన కొసన దారం తెంపి లాగితే మొత్తం జరజరా ఊడి వస్తుంది, తప్పు కొసన తెంపితే చిక్కుపడి కూర్చుంటుంది. ఆ ఒక్క దారాన్ని ఎత్తి తెంపడానికి చిన్న మొన కావాలి. కూరలు తరిగే కత్తి దానికి పనికిరాదు, పళ్లతో కొరికే వయసు నాకు దాటిపోయింది.

చట్టం గురించి భయపడేవాళ్లకు ఒక మాట. 1959 నాటి ఆయుధాల చట్టం కింద చేసిన నిబంధనలు అలుగు (కోసే భాగం) 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న కత్తులను ఆయుధాల లెక్కలో వేశాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి తయారైనవాటికి అందులోనూ మినహాయింపు ఉంది. నా చాకు అలుగు 3 అంగుళాలు. అయితే కోర్టుకో, పరీక్ష హాలుకో, విమానం ఎక్కడానికో వెళ్లేటప్పుడు దాన్ని ఇంట్లో వదలాలి. ఈ సంగతి మరిచి ఒకసారి విమానాశ్రయంలో మంచి చాకు ఒకటి పోగొట్టుకున్నాను. తనిఖీ చేసిన అమ్మాయి తప్పేమీ లేదు, తప్పు పూర్తిగా నాదే. అయినా ఆమె దాన్ని చెత్త డబ్బాలో వేసిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

మా సంతకు కొండల మీది నుంచి సవర రైతులు దిగి వస్తారు. భుజాన గొడ్డలి, చేతిలో కత్తి. వాళ్లను చూసి ఎవరూ ఉలిక్కిపడరు, అది పనిముట్టని అందరికీ తెలుసు. ప్యాంటు వేసుకున్నవాడి జేబులో మూడంగుళాల చాకు కనబడితే మాత్రం పగ గుర్తొస్తుంది!

ఇక అసలు విషయం, పిడి. నా దగ్గర పదిహేడు చాకులు ఉన్నాయి (మా ఆవిడ లెక్క ప్రకారం, ఆమె లెక్క తప్పదు). వాటిలో నేను రోజూ మోసేది ఒకటే, గేదె కొమ్ము పిడి ఉన్నది. దాని అలుగు పాతది, మామూలు కార్బన్ ఉక్కు. ప్లాస్టిక్ పిడి పగిలిపోతే పారేయడానికి మనసు రాక, మా ఊళ్లో కొమ్ము పని చేసే ఒక పెద్దాయన దగ్గరకు తీసుకెళ్లాను. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు. కొంగలు, నెమళ్లు, రొయ్యలు, దువ్వెనలు ఇక్కడి నుంచి దూరదూరాలకు వెళ్తాయి. చాకు చూసి ఆయన నవ్వారు. "కొంగ చేస్తే బల్ల మీద పెట్టుకుంటారు. పిడి చేస్తే ఎవరికి కనబడుతుంది నాయనా?" అన్నారు. నాకు కనబడుతుందని చెప్పాను.

కొమ్ము మొదట్లో బోలుగా, కొసలో గట్టిగా ఉంటుంది. పిడికి కావలసిన రెండు చెక్కలను ఆయన బోలు భాగంలోంచే తీశారు. కొబ్బరి నూనె రాసి సెగ మీద తిప్పుతూ ఉంటే, రాయిలా ఉన్న కొమ్ము కాసేపటికి అప్పడాల పిండిలా మెత్తబడింది. రెండు ఇనుప పలకల మధ్య బిగించి చల్లారనిస్తే ఆ వంపు పోయి చదునుగా నిలిచింది. ఆకురాయితో అరగదీస్తుంటే గదంతా వెంట్రుకలు కాలిన వాసన. మన గోళ్లు, వెంట్రుకలు దేనితో తయారయ్యాయో కొమ్మూ దానితోనే తయారైంది, అందుకే ఆ వాసన. ఉప్పుకాగితంతో రుద్ది మెరుగు పెట్టాక నలుపులోంచి తేనె రంగు చార ఒకటి బయటపడింది. అది అక్కడ ఉందని అప్పటిదాకా ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

మొదటి జత పోయింది. మేకు దిగగొట్టేటప్పుడు రంధ్రం దగ్గర చిట్లింది. ఆయన ఒక్క మాటా అనకుండా రెండో జత మొదలుపెట్టారు, నేనూ ధర గురించి మాట్లాడలేదు.

ఆరేళ్లయింది. ఎండాకాలంలో పిడి కాస్త కుంచించుకుని లోపలి రేకు అంచు వేలికి తగులుతుంది, వానల్లో మళ్లీ సర్దుకుంటుంది. నెలకోసారి ఒక చుక్క కొబ్బరి నూనె. అంతకు మించి అది ఏమీ అడగదు.

దాచుకునేవాళ్ల మీద నా కోపం ఇక్కడే. ఇలాంటి చాకులు సేకరించేవాళ్లలో చాలామంది వాటిని మఖమల్ పరిచిన పెట్టెలో పెట్టి, నెలకోసారి తీసి, ఫోటో పట్టి, మళ్లీ మూసేస్తారు. నేనూ ఒకటి అలా దాచాను. ఫ్రాన్స్‌లో లాయోల్ అనే పల్లె పేరు మీద నడిచే రకం, అదీ కొమ్ము పిడే. అక్కడి రైతులు రొట్టె కోసుకోవడానికి జేబులో వేసుకుని తిరిగే సరుకు అది. విలువైనదని బీరువాలో పెట్టాను. రెండు వానాకాలాలు గడిచాక తీసి చూస్తే పిడి మూల పురుగు తినేసింది. కొమ్మును, ఉన్నిని, తోలును తినే పురుగులు ఉంటాయి. వాటికి కావలసింది చీకటి, ఎవరూ కదిలించని చోటు. రోజూ తాళంచెవులతో, చిల్లరతో రాసుకుంటూ నా జేబులో తిరిగిన చాకు మీద ఇంతవరకు ఒక్క పురుగు గాటు కూడా లేదు. ఇంతకంటే ఋజువు నాకు అక్కర్లేదు.

కర్ర పిడి మీదా నాకు మమకారమే. 1890లో ఫ్రాన్స్ కొండల్లో జోసెఫ్ ఒపినెల్ తయారుచేసిన చాకుకు బీచ్ అనే చెట్టు కర్ర పిడి, ఇప్పటికీ దాదాపు అదే తీరు. తేలిక, చవక, పదును అద్భుతం. మా ఊరి జూలైలో మాత్రం ఆ కర్ర నీరు పీల్చి ఉబ్బి, అలుగును బిగపట్టి వదలదు. మామిడికాయ ఒక చేతిలో, తెరుచుకోని చాకు ఇంకో చేతిలో పట్టుకుని నిలబడిన రోజులున్నాయి.

మామిడికాయ అంటే గుర్తొచ్చింది. కార్బన్ ఉక్కు అలుగు పులుపు తగిలితే నల్లబడుతుంది. పచ్చి మామిడి ముక్కకు ఇనుప వాసన వస్తోందని మా ఆవిడ ఫిర్యాదు, అది నిజం కూడా. కోసిన వెంటనే తుడిస్తే ఆ నలుపు నెమ్మదిగా నీలి బూడిద రంగుకు తిరుగుతుంది, ఆ తర్వాత తుప్పు అంత త్వరగా పట్టదు. తుప్పు పట్టని ఉక్కుతో ఈ గొడవ లేదు. నాకు ఈ గొడవే ఇష్టం.

ఒక్క విషయంలో మాత్రం నాతో వాదించవద్దు. కణుజు (అడవిలో ఉండే పెద్ద దుప్పి) కొమ్ము పిడి కావాలని, కొండల దగ్గర ఉంటావు కదా దొరుకుతుందా అని నన్ను అడిగేవాళ్లు ఉన్నారు. ఒకప్పుడు ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ చాకుల పిడుల కోసం మన దేశపు కణుజు కొమ్ములు ఓడల్లో వెళ్లేవి. ఇప్పుడు అది కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి జంతువు కొమ్మును కూడా ఆ జంతువులో భాగంగానే చూస్తుంది. అడవిలో రాలి పడిందే కదా అంటారు. రాలిందో రాల్చారో చెప్పేది ఎవరు? కొనేవాడు ఉన్నంతకాలం రాల్చేవాడూ ఉంటాడు. ఆ గరుకుతనమే కావాలంటే ఎముకకు గాట్లు పెట్టి రంగు వేసిన పిడులు ఉన్నాయి, వాటిని మొదలుపెట్టిందే దుప్పి కొమ్ములా కనబడడానికి. మా ఊళ్లో చచ్చిన గేదె కొమ్ముకు కొరత లేదు. కొరతంతా పిడి చేయించుకునేవాళ్లకే.

నిన్న రాత్రి మా బావమరిది ఫోన్ చేశాడు. గృహప్రవేశంలో చూసినలాంటి చాకు తనకూ ఒకటి కావాలట, "కాస్త చిన్నది, ఎవరికీ కనబడనిది" అట. పెదమామయ్యకు చెప్పవద్దని కూడా అన్నాడు. కొమ్ము పని చేసే పెద్దాయనకు ఆదివారం తీరిక. నల్ల కొమ్ము ఒకటి ఏరి పెట్టమని కబురు చేశాను. ఈసారి మేకు రంధ్రం అంచుకు ఇంకాస్త ఎడంగా వేయమని గుర్తుపెట్టుకుని చెప్పాలి.