మేరీ క్యూరీ కథలో ఆ మూడేళ్లు ఎక్కడికి పోయాయి?

ఏటా నవంబర్ 7న మేరీ క్యూరీ పుట్టినరోజు పోస్టులు చూస్తాను. వార్సాలో పుట్టింది, పారిస్ వెళ్లింది, రేడియం కనిపెట్టింది, 2 నోబెల్ బహుమతులు. అంతే. మధ్యలో మూడేళ్లకు పైగా ఒక పల్లెటూళ్లో, ఎవరింట్లోనో ఉండి వాళ్ల పిల్లలకి చదువు చెప్పిందన్న సంగతి ఎవరూ రాయరు. నాకు ఒళ్లు మండుతుంది.

1886 జనవరిలో, 18 ఏళ్లప్పుడు, ష్చుకి అనే ఊళ్లో గవర్నెస్‌గా, అంటే ఆ ఇంట్లోనే ఉండి పిల్లలకి చదువు చెప్పే టీచర్‌గా చేరింది. ఏడాదికి 500 రూబుళ్లు. పారిస్‌లో మెడిసిన్ చదువుతున్న అక్క బ్రోన్యాకి పంపడానికే ఆ ఉద్యోగం. ముందు నువ్వు చదువుకో, తర్వాత నన్ను చదివించు అని ఇద్దరూ అనుకున్నారు, ఎందుకంటే వార్సా యూనివర్సిటీలో ఆడపిల్లల్ని చేర్చుకునేవాళ్లు కాదు. పగలు ఆ ఇంటి పిల్లలకి పాఠాలు, రాత్రుళ్లు ఒక్కతే కూర్చుని ఫిజిక్స్, లెక్కలు. అది చాలదన్నట్టు ఊళ్లో రైతుల పిల్లల్ని పోగేసి పోలిష్ చదవడం, రాయడం నేర్పేది. అప్పట్లో పోలాండ్‌లోని ఆ ప్రాంతం రష్యా పాలనలో ఉండేది, అది బయటపడితే శిక్షే.

ఆ ఇంటి పెద్దకొడుకు కజిమియెజ్ వార్సాలో లెక్కలు చదివేవాడు. సెలవులకి ఇంటికొచ్చాడు, ఇద్దరూ ఇష్టపడ్డారు, పెళ్లి చేసుకుంటామన్నారు. తల్లిదండ్రులు ససేమిరా అన్నారు. గవర్నెస్‌ని కోడలిగా ఎలా తెచ్చుకుంటాం అని! తమ పిల్లల్ని ఆమె చేతుల్లో పెట్టడానికి లేని అభ్యంతరం, ఆమెని ఇంటి మనిషిని చేసుకోవడానికి వచ్చింది. ఇంత జరిగాక కూడా ఆమె ఆ ఉద్యోగం మానలేకపోయింది, అక్కకి డబ్బు పంపాలి కదా. కాదన్న మనుషుల మధ్యే 1889 దాకా ఉండి పాఠాలు చెప్పింది. ఇది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఇదేదో ఆ ఒక్క ఇంటి కథ అనుకోకండి. 1851 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్ కలిపి దాదాపు 25,000 మంది గవర్నెస్‌లు తేలారు. బతికి చెడ్డ కుటుంబాల ఆడపిల్లలకి పరువుగా చేసుకోగలిగిన పని దాదాపు అదొక్కటే, దాంతో పోటీ పెరిగి జీతాలు నేలకి దిగాయి. పనివాళ్లతో కలవడానికి లేదు, యజమానులు కలుపుకోరు. రచయిత్రి షార్లెట్ బ్రాంటీకి 1839లో ఒక ఇంట్లో పాఠాలతో పాటు బొమ్మలకి బట్టలు కుట్టే పని కూడా అంటగట్టారు. 1841లో ఇంకో ఇంట్లో జీతం ఏడాదికి 20 పౌండ్లు అన్నారు, అందులో బట్టలు ఉతికిన ఖర్చు పోను చేతికొచ్చేది 16.

ఆ 4 పౌండ్ల కోత దగ్గర నేను ఆగిపోయాను. డిగ్రీ చదివేటప్పుడు ఇళ్లకెళ్లి ట్యూషన్లు చెప్పేదాన్ని. ఒకింట్లో పిల్లలు దసరాకి అమ్మమ్మగారి ఊరెళ్లారని ఆ 10 రోజుల డబ్బు లెక్కగట్టి తీసేసి, మిగతాది చిల్లరతో సహా కవర్లో పెట్టి ఇచ్చారు. ఇంటికొచ్చేదాకా బస్సులో ఆ కవరు గుప్పిట్లోనే నలుపుతూ కూర్చున్నాను.

1848లో లండన్ హార్లీ స్ట్రీట్‌లో క్వీన్స్ కాలేజీ పెట్టారు. గవర్నెస్‌లకి సరైన చదువు, సర్టిఫికెట్ ఇవ్వాలన్న ప్రయత్నంలోంచి పుట్టిన కాలేజీ అది. ఇంగ్లండ్‌లో ఆడవాళ్ల పైచదువుకి దారి వేసిన తొలి చోట్లలో ఒకటి. ఈ సంగతీ ఎవరూ చెప్పరు.

ఈసారి నవంబర్ 7కి పోస్టు పెట్టేవాళ్లు దయచేసి ష్చుకి పేరు కూడా రాయండి. 1891లో ఆమె పారిస్ రైలెక్కినప్పుడు మడతకుర్చీ వెంట తీసుకెళ్లింది, జర్మనీ మీదుగా పోయే నాలుగో తరగతి పెట్టెలో కూర్చోడానికి సీట్లుండవని. ఆ ప్రయాణానికి పోగేసిన డబ్బులో, పిల్లలకి పాఠాలు చెప్పి దాచుకున్న రూబుళ్లు కూడా ఉన్నాయి.