కృష్ణబిలం విద్యుదావేశాన్ని మింగుతుంది, మాయం చేయలేదు

“కృష్ణబిలంలో పడ్డదేదీ ఆనవాలు మిగల్చదు. కాబట్టి గురుత్వాన్ని క్వాంటమ్ నియమాలతో కలిపి చూసే క్వాంటమ్ గురుత్వంలో, ఒక రాశి మొత్తం మారదనే నిత్యత్వ నియమమేదీ నిలవదు, విద్యుదావేశం కూడా ఏదో ఒకనాడు కరిగిపోవలసిందే. గేజ్ సౌష్ఠవం ఎలాగూ లెక్కల సౌకర్యమే. ఇదంతా నిజమైతే ప్రోటాన్లు విరిగిపోతూ ఈపాటికి కనబడాలి. కనబడలేదు గనక సిద్ధాంతమే తప్పు.” బాగా చక్కర్లు కొడుతున్న వాదన ఇది. నిత్యత్వ నియమం వెనక ఒక సౌష్ఠవం ఉంటుంది. ప్రోటాన్లు, న్యూట్రాన్ల లెక్క (బేరియాన్ సంఖ్య) లాగా తనదైన క్షేత్రం లేనిదాని వెనకున్నది గ్లోబల్ సౌష్ఠవం; విద్యుదావేశంలా క్షేత్రం ఉన్నదాని వెనకున్నది గేజ్ సౌష్ఠవం. క్వాంటమ్ గురుత్వంలో నిలవనివి గ్లోబల్ సౌష్ఠవాలే. వాటి గురించి అనవలసిన మాటను గేజ్ ఆవేశాలకూ అంటగట్టడంతోనే ఈ వాదన దారి తప్పింది.

“ఏదీ ఆనవాలు మిగల్చదు.” కృష్ణబిలంలోకి ఒక ఎలక్ట్రాన్‌ను జారవిడిచామనుకోండి. రెంటినీ చుట్టేలా దూరంగా ఒక గోళాన్ని ఊహించండి. గాస్ నియమం ప్రకారం ఆ గోళం గుండా వెళ్లే విద్యుత్ అభివాహమే లోపలి మొత్తం ఆవేశం. ఎలక్ట్రాన్ ఘటనా దిగంతం (దాటితే తిరిగి రాలేని హద్దు) దాటినా ఆ లెక్క మారదు, గోళాన్ని దాటి ఏ ఆవేశమూ బయటికి పోలేదు కదా. బలరేఖలు కృష్ణబిలం చుట్టూ సమంగా సర్దుకుంటాయి. బయట చిన్న పరీక్షావేశం పెట్టి దాన్ని కొలవవచ్చు. హాకింగ్ చెప్పినట్టు కణాలను వెలువరిస్తూ కృష్ణబిలం ఆవిరైపోయేటప్పుడు ఆ ఆవేశం ఏదో ఒక కణంతో బయటికి రావలసిందే.

ఇప్పుడు న్యూట్రాన్‌ను వేయండి. బేరియాన్ సంఖ్యకు తనదైన క్షేత్రం లేదు, గోళం మీద చదవడానికి ఏమీ లేదు. సూర్యుడంత ద్రవ్యరాశిలో సుమారు 10⁵⁷ బేరియాన్లుంటాయి. అది కృష్ణబిలమైతే హాకింగ్ ఉష్ణోగ్రత 6×10⁻⁸ కెల్విన్. దాదాపు జీవితమంతా ఫోటాన్లు, గ్రావిటాన్ల వంటి తేలిక కణాలే వెలువడతాయి. ప్రోటాన్లు రావాలంటే అది కుంచించుకుపోతూ 10¹³ కెల్విన్ దాకా వేడెక్కాలి. అప్పటికి మిగిలేది 10¹⁰ కిలోలు. అదంతా ప్రోటాన్లుగా మారినా 6×10³⁶కు మించవు. పైగా ప్రోటాన్లతో పాటు యాంటీప్రోటాన్లూ సమంగా వస్తాయి. ఖాతా ఎలా చూసినా కుదరదు.

చివర మిగిలే చిన్న అవశేషంలో ఆ సంఖ్య దాగి ఉందంటారు కొందరు. మొదట వేసిన బేరియాన్ల సంఖ్య ఎంతైనా కావచ్చు. అంటే ఒకే పరిమాణపు అవశేషంలో అనంతమైన రకాలుండాలి. కానీ దిగంతపు వైశాల్యం అనుమతించే ఎంట్రోపీ, అంటే లోపల ఇమడగల స్థితుల లెక్క, పరిమితమే. కాబట్టి ఇదీ కుదరదు.

“గేజ్ సౌష్ఠవం లెక్కల సౌకర్యమే.” క్షేత్రాల వర్ణనలో చేసే గేజ్ మార్పుల్లో, దూరాన శూన్యమయ్యే వాటికి ఇది నిజం, అవి ఒకే స్థితికి వేర్వేరు పేర్లు. అనంత దూరంలోనూ స్థిరంగా నిలిచే మార్పు అలాంటిది కాదు. దాని వెనకున్న ఆవేశమే గోళం మీద మనం కొలిచింది.

ఈ తేడాను 2018లో భౌతిక శాస్త్రవేత్తలు హార్లో, ఊగురి యాంటీ డి సిట్టర్ విశ్వంలో (రుణ వక్రత, దూరాన ఒక సరిహద్దు ఉన్న ఊహా విశ్వం) నిరూపించారు. సరిహద్దును చిన్న ముక్కలు చేస్తే, గ్లోబల్ సౌష్ఠవపు చర్య ఆ ముక్కల మీద విడివిడిగా జరగాలి. ఒక్కో ముక్క పట్టు విశ్వం లోపల కొంత దూరమే; నడిమధ్య ఉన్న వస్తువును ఏ ముక్కా తాకజాలదు. అంటే అక్కడ గ్లోబల్ సౌష్ఠవం ఉండడానికి వీల్లేదు. గేజ్ ఆవేశానికి ఈ చిక్కు లేదు, దాని బలరేఖ సరిహద్దు దాకా వస్తుంది గనక అక్కడి ముక్క పసిగడుతుంది. మన విశ్వం యాంటీ డి సిట్టర్ కాదు, కాబట్టి ఇక్కడికి దీన్ని బలమైన వాదనగానే తీసుకోవాలి.

మరి బేరియాన్ సంఖ్యే గేజ్ ఆవేశమైతే? 1955లోనే భౌతిక శాస్త్రవేత్తలు లీ, యాంగ్ ఈ ప్రశ్న వేశారు. అప్పుడు దానికో సుదూర బలం ఉండాలి. ద్రవ్యరాశికి బేరియాన్ల నిష్పత్తి ప్లాటినంలో, అల్యూమినియంలో ఒకటి కాదు గనక అవి వేర్వేరుగా పడాలి. అలా పడటం లేదు.

“ప్రోటాన్ విరగలేదు గనక తప్పు.” బేరియాన్ సంఖ్య వెనకున్న సౌష్ఠవం భంగమవుతుందన్నారే గాని ఎంత త్వరగానో చెప్పలేదు. ప్లాంక్ స్థాయి (క్వాంటమ్ గురుత్వం బలపడే అత్యధిక శక్తి) ప్రభావాలే కారణమైతే ప్రోటాన్ ఆయుష్షు సుమారు 10⁴⁵ ఏళ్లు. పాజిట్రాన్, పయాన్‌లుగా విరిగే దారిలో జపాన్‌లోని సూపర్ కామియోకాండే డిటెక్టర్ 2020లో ఇచ్చిన కనీస హద్దు 2.4×10³⁴ ఏళ్లు. 1980ల్లో కోలార్ బంగారు గనుల్లో, 2 కిలోమీటర్లకు పైగా లోతున, 140 టన్నుల డిటెక్టర్ వెతికింది మహా ఏకీకరణ సిద్ధాంతాలు (గురుత్వం తప్ప మిగతా బలాలను ఒకటిగా చూపేవి) చెప్పిన ఎంతో వేగమైన విచ్ఛిత్తిని.

గేజ్ ఆవేశానికి నిజమైన పరీక్ష వేరు: ఎలక్ట్రాన్ ఒక ఫోటాన్, ఒక న్యూట్రినోగా విరిగిందంటే విద్యుదావేశం పోయినట్టే. ఇటలీలోని బొరెక్సినో డిటెక్టర్ 2015లో దీన్ని వెతికితే ఒక్కటీ కనబడలేదు. ఎలక్ట్రాన్ ఆయుష్షుకు అది ఇచ్చిన కనీస హద్దు 6.6×10²⁸ ఏళ్లు.