ఫోన్ కొడితే తగ్గే బిల్లు

గత వారం విశాఖ నగరంలోని ఒక ప్రైవేటు క్లినిక్ ముందు జరిగిన గొడవ గురించి కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. గాల్‌బ్లాడర్‌లో రాళ్లకు ఆపరేషన్, అంతా కలిపి 45 వేలన్నారు. నాలుగో రోజు డిశ్చార్జి వేళకు కౌంటర్‌లో చేతికిచ్చిన కాగితం మీద లక్షా 12 వేలు ఉంది. గాజువాకలో ఆటో నడుపుకునే భర్త, ఆయన బంధువులు గేటు ముందు బైఠాయించారు. పోలీసులు వచ్చారు. కార్పొరేటర్ వచ్చారు. వైద్య ఆరోగ్య శాఖ నుంచి ఒకరిద్దరు వచ్చారు. పొద్దు వాలేసరికి యాజమాన్యానికి పైనుంచి ఒక ఫోన్ వచ్చింది, బిల్లు 68 వేలకు దిగింది. ఇక ఏ ఫిర్యాదూ లేదని తెల్లకాగితం మీద రాయించి, సంతకం పెట్టించుకుని, పేషెంటును ఆటో ఎక్కించారు. వివాదం సామరస్యంగా ముగిసిందని అధికారులు చెప్పారు. మర్నాడు పత్రికలన్నీ, మాతో సహా, అదే మాట అచ్చేశాయి.

ఏం ముగిసింది? ఆ 44 వేల సంగతి ఎవరూ అడగనే లేదు.

ఆ 44 వేలు నిజంగా అయిన ఖర్చే అనుకుందాం. మందులు వాడి, మత్తు డాక్టర్‌కు ఫీజిచ్చి, గది అద్దె లెక్కకట్టి వేసిన సొమ్మే అయితే ఒక్క ఫోన్‌కు దాన్ని వదులుకునే వ్యాపారి విశాఖలో ఇంకా పుట్టలేదు. అసలు జరగని ఖర్చయితే, దాన్ని బిల్లులో వేయడానికి తెలుగులో ఒక మాట ఉంది. రాస్తే లాయర్ నోటీసు వస్తుంది కాబట్టి రాయడం లేదు. రెండిట్లో ఏదో ఒకటే నిజం. ఏది నిజమో తేల్చడమే అక్కడికి వెళ్లిన అధికారుల పని. వాళ్లు ఆ పని చేయలేదు. కట్నం మాట్లాడే పెద్దమనుషుల్లా మధ్యలో కూర్చుని ఇటు కొంత, అటు కొంత లాగి ఒక అంకె కుదిర్చి వచ్చారు.

ఆసుపత్రుల వైపు వాదనా ఉంది. కడుపు కోశాక గానీ బయటపడని సమస్యలుంటాయి, పరికరాలు ఖరీదు, నర్సులు దొరకడం లేదు, ఎన్టీఆర్ వైద్య సేవ బకాయిలు నెలల తరబడి రావు, ఆవేశంలో వచ్చినవాళ్లు అద్దాలు పగలగొడతారు. అన్నీ నిజాలే. కానీ వీటిలో ఏ ఒక్కటీ 45 వేలు లక్షా 12 వేలు ఎందుకయిందో చెప్పదు. లక్షా 12 వేలు సాయంత్రానికి 68 వేలు ఎందుకయిందో అసలే చెప్పదు.

పొద్దున్నే ఎంవీపీ కాలనీ రైతు బజారుకు వెళ్లి చూడండి. బెండకాయలు కిలో ఎంత, టమాటా ఎంత అని బోర్డు మీద రాసి ఉంటుంది. రెండు రూపాయలు ఎక్కువ అడిగితే ఎస్టేట్ ఆఫీసర్‌కు చెప్పుకోవచ్చు. అదే దారిలో నాలుగు నర్సింగ్‌హోమ్‌ల గుమ్మాలెక్కి సిజేరియన్ ఎంత, ఐసీయూ రోజుకు ఎంత అని రాసిన బోర్డు ఎన్నిచోట్ల కనిపిస్తుందో లెక్కపెట్టండి. వెంకన్న పటం కనిపిస్తుంది. డాక్టర్‌గారు మంత్రిగారితో దిగిన ఫొటో కనిపిస్తుంది. క్యాష్‌లెస్ సౌకర్యం కలదంటూ ఇన్సూరెన్స్ కంపెనీల పేర్లు వరసగా కనిపిస్తాయి. ధర మాత్రం రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి మనసులో ఉంటుంది. అదీ 'ఇన్సూరెన్స్ ఉందా సార్?' అనే ప్రశ్నకు మీరిచ్చే జవాబును బట్టి మారుతుంది.

బోర్డు పెట్టమని మేం కొత్తగా కోరడం లేదు. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్, నియంత్రణ కోసం ఉమ్మడి రాష్ట్రం 2002లోనే చట్టం చేసింది, 2007లో నిబంధనలు వచ్చాయి. రేట్లు అందరికీ కనిపించేలా పెట్టాలన్నది దాని కింద ఉన్న బాధ్యతే. రిజిస్ట్రేషన్ ఇచ్చేది, తనిఖీ చేయాల్సింది జిల్లా వైద్య ఆరోగ్య శాఖే. అదే 2002లో భారత వైద్య మండలి డాక్టర్ల నడవడికకు నియమాలు రాసింది. ఫీజు ఎంతో చికిత్సకు ముందే చెప్పాలి, ఆపరేషనో వైద్యమో సగంలో ఉండగా కాదు అని అందులో స్పష్టంగా ఉంది. రోగిని పంపినందుకు కమీషన్లు ఇవ్వడం, పుచ్చుకోవడం తప్పని కూడా ఉంది. ఊళ్లో ఆర్ఎంపీ నుంచి నగరంలో స్కానింగ్ సెంటర్ దాకా ఎవరి వాటా ఎంతో తెలిసిన ఉత్తరాంధ్ర పాఠకులు ఈ చివరి వాక్యం చదివి నవ్వుకుంటే వాళ్లను తప్పుపట్టలేం. ఆ వాటాలు డాక్టర్ జేబులోంచి పోవు, అవీ బిల్లులోంచే రావాలి.

విచిత్రం ఏమిటంటే ఈ ఇరవై ఏళ్లు దాటిన చట్టం సంగతి క్లినిక్ దగ్గరున్న పోలీసులకు గుర్తు రాలేదు. డాక్టర్ల మీద దాడులను అరికట్టే 2008 చట్టం మాత్రం వెంటనే గుర్తొచ్చింది. గొంతు పెంచితే కేసు పెడతామని బంధువులను హెచ్చరించారు. ఆ చట్టం ఉండాల్సిందే, డాక్టర్ మీద చెయ్యెత్తినవాడిని లోపల వేయాల్సిందే. కానీ డబ్బు కట్టలేదని కుట్లు కూడా ఆరని మనిషిని సాయంత్రం దాకా మంచం మీదే ఉంచేసినప్పుడు ఏ చట్టం గుర్తు రావాలి? బిల్లు తగాదా పేరుతో పేషెంటును ఆపకూడదని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన 17 రోగి హక్కుల్లో ఉంది. ఢిల్లీ హైకోర్టు 2017లోనే ఇది తప్పని చెప్పింది. విశాఖలో మాత్రం డిశ్చార్జి కాగితం ఇప్పటికీ తాకట్టు వస్తువే.

ఇక బిల్లు లోపలికి వెళ్దాం. ఈ కేసులో పేషెంటు చేతికి మొదట వచ్చింది ఒక్క పేజీ. గది, డాక్టర్, ఓటీ, మందులు, 'ఇతరములు'. అన్నిటికంటే పెద్ద అంకె ఇతరములదే. వివరాలడిగితే సిస్టమ్ పనిచేయడం లేదన్నారు. అదే సిస్టమ్ రెండు గంటల తర్వాత 68 వేల బిల్లును చక్కగా ప్రింట్ చేసింది. మందుల మాటకొస్తే 'ఎమ్మార్పీకే ఇచ్చాం, రూపాయి ఎక్కువ తీసుకోలేదు' అన్నది క్లినిక్ జవాబు. ఇది వినడానికి బాగుంటుంది. ఢిల్లీ పరిసరాల్లోని నాలుగు ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులను జాతీయ ఔషధ ధరల నిర్ణాయక సంస్థ 2018లో పరిశీలిస్తే, కొన్న ధర మీద లాభం కొన్నిట్లో 1,737 శాతం దాకా తేలింది. సిరంజీలు, గ్లవ్స్, సెలైన్ సెట్లు వంటివి పెద్ద ఎత్తున కొనే ఆసుపత్రికి కంపెనీలు తక్కువకే ఇస్తాయి, పైన ముద్రించిన ఎమ్మార్పీ మాత్రం ఆకాశంలో ఉంటుంది. కాబట్టి ఎమ్మార్పీకే అమ్మామనడం నిజాయితీకి రుజువు కాదు. బయట మెడికల్ షాపులో తెచ్చుకుంటామంటే 'మా బాధ్యత కాదు మరి' అని బెదిరించే చోట అసలే కాదు.

ధరలకు హద్దు పెట్టడం ప్రభుత్వం వల్ల కాని పనీ కాదు. 2020లో కోవిడ్ ముంచుకొచ్చినప్పుడు పరిస్థితి విషమించని రోగికి ప్రైవేటు ఆసుపత్రిలో రోజుకు 3,250 రూపాయలని ఈ రాష్ట్రమే జీవో ఇచ్చింది. కంటిలో శుక్లం తీయడానికి ప్రభుత్వ ఆసుపత్రిలో 10 వేలయ్యేది ప్రైవేటులో 30 వేల నుంచి లక్షా 40 వేల దాకా ఉందన్న పిటిషన్ మీద 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని గట్టిగానే నిలదీసింది. ఆసుపత్రి మందుల షాపుల దోపిడీ మీద వచ్చిన మరో కేసులో 2025 మార్చిలో నిర్ణయం రాష్ట్రాలకే వదిలింది. పశ్చిమ బెంగాల్ 2017లో ఒక కమిషన్ వేసుకుని బిల్లుల ఫిర్యాదులు వింటోంది, ఎక్కువ తీసుకున్నది వెనక్కి ఇప్పిస్తోంది. మనకు కమిషన్ లేదు. మనకు ఫోన్ ఉంది.

ఆ ఫోన్ దగ్గరికే మళ్లీ రావాలి, ఎందుకంటే మమ్మల్ని భయపెడుతున్నది అదే. ఈ నగరానికి వైద్యం కోసం వచ్చేది గాజువాక, పెందుర్తి జనం ఒక్కరే కాదు. శ్రీకాకుళం నుంచి వస్తారు, పాడేరు కొండల మీద నుంచి వస్తారు, ఒడిశాలోని కొరాపుట్, రాయగడ నుంచి రాత్రి రైలెక్కి వస్తారు. ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో మంచం దొరకనివాళ్లు, స్కానింగ్‌కు తేదీ దూరంగా పడినవాళ్లు, ఆంబులెన్స్ డ్రైవర్ ఎక్కడ దింపితే అక్కడ దిగినవాళ్లు. వీళ్లలో ఎంతమంది సెల్‌ఫోన్‌లో ఎమ్మెల్యే పీఏ నంబర్ ఉంటుంది? తెలుగే సరిగా రాని గిరిజన తల్లికి ఏ కార్పొరేటర్ దిక్కు?

గాజువాక ఆటో డ్రైవర్‌కు యూనియన్ ఉంది కాబట్టి 44 వేలు తగ్గాయి. మంచిదే. అదే వారం అదే క్లినిక్‌లో గొడవ చేయకుండా, ఎవరికీ ఫోన్ చేయించలేక, పుస్తెలు తాకట్టు పెట్టి పూర్తి బిల్లు కట్టి వెళ్లినవాళ్ల మాటేమిటి? బట్టల షాపులు ఆషాఢానికి ముందు ధర పెంచి తర్వాత డిస్కౌంట్ ఇస్తాయని మన ఇళ్లలో ఆడవాళ్లకు బాగా తెలుసు. క్లినిక్‌లూ అదే నేర్చుకుంటాయి. తగ్గించమని ఫోన్ ఎలాగూ వస్తుంది, కాబట్టి ముందే పెంచి వేద్దాం అనుకుంటాయి. ఫోన్ వస్తే అసలు ధర, రాకపోతే పండగ. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. పలుకుబడి ఉన్నవాడి రాయితీని పలుకుబడి లేనివాడు కడతాడు. గత వారం అధికారులు కూర్చుని కుదిర్చింది ఒక కుటుంబం తగాదాను కాదు, ఈ పద్ధతిని. ప్రభుత్వ ఉద్యోగి ఎదురుగా, పోలీసుల సాక్షిగా, బిల్లు అంటే బేరమేనని ఒప్పుకున్నారు. రేపు మరో క్లినిక్ ఇదే చేస్తే ఏ ముఖంతో తప్పంటారు?

ఇక్కడ మా సంగతీ చెప్పాలి. ఈ నగరంలో ఫోన్ చేసి బిల్లులు తగ్గించుకునేవాళ్లలో రాజకీయ నాయకులే కాదు, పోలీసులున్నారు, రెవెన్యూ వాళ్లున్నారు, విలేకరులున్నారు. మా ఆఫీసు నుంచి వెళ్లిన ఫోన్లకూ బిల్లులు తగ్గాయి. తోటి ఉద్యోగి తల్లికి బాగాలేకపోతే ఫోన్ చేయడం సాయమనుకున్నాం. ఆ తగ్గింపు ఎవరి బిల్లుకు ఎక్కిందో అడగలేదు. అందుకే పైన అధికారుల మీద రాసిన మాటల్లో కొన్ని మాకూ తగులుతాయి, తగలాలి.

ఆ తెల్లకాగితం గురించి ఒక్క మాట. పేషెంటును పంపాలంటే సంతకం పెట్టమని ఒత్తిడి చేసి రాయించుకున్న ఒప్పందాన్ని రద్దు చేయించుకోవచ్చని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతోంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో తేల్చింది, 2019 కొత్త చట్టం కిందా వస్తుందని 2022లో మళ్లీ చెప్పింది. బిల్లు ఇవ్వకపోవడం ఆ చట్టం దృష్టిలో అక్రమ వ్యాపార పద్ధతి. 5 లక్షల లోపు వ్యవహారమైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు, రెండేళ్ల లోపు వెళ్లొచ్చు. ఆ ఆటో డ్రైవర్ ఇది చదివితే, లేదా ఎవరైనా చదివి వినిపిస్తే, ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఆ నంబర్‌కు పలుకుబడి అక్కర్లేదు.

జిల్లా వైద్య ఆరోగ్యాధికారిని అడుగుతున్నాం. మీ సిబ్బంది ఆ క్లినిక్ నుంచి వచ్చేటప్పుడు మొదటి బిల్లు కాపీ తెచ్చుకున్నారా? రెండో బిల్లు తెచ్చుకున్నారా? తేకపోతే అక్కడికి దేనికి వెళ్లినట్టు, కాఫీకా? ఇద్దరూ రాజీపడ్డారు కాబట్టి ఫైలు మూసేశామంటున్నారు. రాజీ పడే హక్కు ఆ కుటుంబానికి ఉంది, మీకు లేదు. రేటు బోర్డు లేని క్లినిక్‌తో మీరు రాజీపడ్డారంటే ఇక రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌ను ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలించడం దేనికి?

ఆ రెండు బిల్లులూ పక్కపక్కన పెట్టి ఏయే వరసలు కొట్టేశారో బయటపెట్టండి. మందులు తీసేశారా, గది అద్దె తీసేశారా, 'ఇతరములు' తీసేశారా? వరసలన్నీ అలాగే ఉంచి అడుగున అంకె ఒక్కటే మార్చి ఉంటే ఆ సంగతీ రాతపూర్వకంగా చెప్పండి. సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కు మా విలేకరి అర్జీ పట్టుకుని వస్తారు. బిల్లు తగ్గించమని కాదు, ఆ రెండు కాగితాల కోసం. ముందుగా ఎవరితోనూ ఫోన్ చేయించం.