సవరణ: 2,93,31,86,25,600కు రామానుజన్ పట్టికలో చోటు ఉండాల్సిందే

మొన్నటి పోస్టులో ఈ సంఖ్య గురించి ఒక తప్పు రాశాను. తనకంటే చిన్న సంఖ్యలన్నిటికన్నా ఎక్కువ కారణాంకాలు ఉన్న సంఖ్యలకు రామానుజన్ 1915లో ఒక పట్టిక ఇచ్చారు. అందులో ఇది లేదు కాబట్టి దీనికి ఆ లక్షణం లేదని తేల్చేశాను. అది తప్పు. లక్షణం ఉంది, పట్టికలోంచే ఇది జారిపోయింది.

కారణాంకాల లెక్క కూడా తప్పే చెప్పాను, క్షమించండి. సంఖ్యను విడగొడితే 2⁶ × 3⁴ × 5² × 7² × 11 × 13 × 17 × 19. నేను ఘాతాంకాలను అలాగే గుణించి 96 అన్నాను. ఒక్కోదానికి ఒకటి కలిపాకే గుణించాలి. ఎందుకంటే ఒక కారణాంకాన్ని కట్టేటప్పుడు 2ను అసలు వాడకపోవడం కూడా ఒక ఎంపికే: సున్నా నుంచి ఆరు సార్ల దాకా మొత్తం ఏడు దారులు. అలా 7 × 5 × 3 × 3 × 2 × 2 × 2 × 2 = 5040.

దీన్ని 23తో గుణిస్తే వచ్చే 67,46,32,83,88,800 మాత్రం ఆ పట్టికలో చిట్టచివర ఉంది. దాని కారణాంకాలు సరిగ్గా రెట్టింపు, 10080. అంత పెద్ద పట్టికను చేత్తో లెక్కకట్టిన మనిషి మీద నా గౌరవం ఇసుమంతైనా తగ్గలేదు. పట్టికను చూసి ఊరుకోకుండా నేనూ ఒకసారి గుణించి చూసుకోవాల్సింది.

పాత పోస్టులో ఆ రెండు వాక్యాలూ మార్చాను.