ఆకు రాలని చెట్టు కావాలా? నీడ మాత్రం అడగొద్దు

ఇంటి ముందు నీడకు ఏదైనా చెట్టు పెడదామని నర్సరీకి వెళ్లినవాళ్లు చాలామంది ముందు అడిగేది ఇదే: "ఆకు రాలనిది ఏదైనా ఉందా?" ఆ ప్రశ్న పుణ్యమే కోనోకార్పస్. గోడ కట్టినట్టు పచ్చగా నిలబడుతుంది, చీపురుకు పెద్దగా పని చెప్పదు. 2023లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని నాటొద్దని నిషేధం పెట్టింది, మన దగ్గరేమో ఉన్నవి కొట్టేయాలా వద్దా అని ఇంకా వాదించుకుంటున్నాం. వాగుల ఒడ్డున ఎవరూ నీళ్లు పోయకుండానే పెరిగే కానుగ మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

నా మాట సూటిగా చెప్తా: చోటుంటే ఇంటి నీడకు కానుగే పెట్టాలి. దాని టైమింగ్ అలాంటిది. చలి తగ్గేవేళ ఆకంతా దులిపేసి బోసిగా నిలబడుతుంది, ఎండిపోయిందేమోనని మనం టెన్షన్ పడేలోపే నూనె రాసినట్టు మెరిసే చిగురు వేసి, ఎండలు ముదిరేసరికి గొడుగు పట్టేస్తుంది. తర్వాత పూత. పొద్దున్నే చూస్తే చెట్టు కింద మరమరాలు ఒలకబోసినట్టు లేత ఊదా రంగు పూలు, పైన తేనెటీగల రొద. ఊడ్చాలి, నిజమే. పది నిమిషాల పని.

వాగు చెట్టు కాబట్టి నీళ్లు తెగ తాగుతుందని ఒక అపోహ ఉంది. వానాకాలంలో వేళ్లు మునిగినా, ఎండాకాలంలో ఇసుక మాడినా అది ఆ ఒడ్డునే ఉండాలి కదా, అందుకే వేరు లోతుకు దింపి చెమ్మ వెతుక్కుంటుంది. మనమేమో రోజూ చెట్టు మొదట్లో చెంబెడు నీళ్లు పోసి ఆ అలవాటు చెడగొడతాం, పైపైన తడి ఉంటే వేళ్లూ పైపైనే తిరుగుతాయి. మొదటి రెండు మూడు వేసవులు వారానికోసారో రెండుసార్లో, నేల లోతుగా నానేలా పెడితే చాలు. ఇది చిక్కుడు జాతి, వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది, అందుకే ఎరువు కోసం హైరానా అక్కర్లేదు.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. పదిహేను మీటర్లు దాటి కూడా పెరగగలదు, పక్క వేళ్ల నుంచి పిలకలు వేస్తుంది. ప్రహరీకి, సెప్టిక్ ట్యాంకుకి కనీసం ఐదు మీటర్ల దూరం లేకపోతే దీని జోలికి పోకండి. చోటుంటే పడమర వైపు పెట్టండి, సాయంత్రం ఎండ గోడ మీద పడకుండా ఆపుతుంది. ఆకుల మీద మొటిమల్లా బొడిపెలు లేస్తాయి, కంటికి కనబడని ఆకునల్లి (మంచాల్లో ఉండే నల్లి కాదు, మైట్ అంటారు) పని అది. చూడ్డానికి బాగోదు గానీ చెట్టుకు ప్రాణగండం కాదు, మందు కొట్టకండి. గింజ విషం, పిల్లలున్న ఇంట్లో కాయలు ఏరేయాలి. అదే గింజ నూనెతో ఒకప్పుడు దీపాలు వెలిగాయి, నూనె తీశాక మిగిలే గింజల చెక్క ఇప్పటికీ పొలానికి ఎరువే.

మనం చెత్త అంటున్న ఆ ఆకును రైతులు కానుగ రొట్ట అని పేరు పెట్టి, మోసుకొచ్చి మరీ వరి మడిలో తొక్కేవాళ్లు. ఊడ్చిందాన్ని చెట్టు మొదట్లోనే పోసేయండి, సంచిలో కట్టి బయట పారేయడమెందుకు?

మొక్క కోసం నర్సరీకి కూడా వెళ్లక్కర్లేదు. వేసవి మొదట్లో వాగు ఒడ్డున రాలిన కాయలు నాలుగు జేబులో వేసుకోండి. కాయ తనంతట తాను పగలదు, గట్టి పెంకు ఒలవాలి, లోపల ఎర్రమట్టి రంగు గింజ మామూలుగా ఒక్కటే ఉంటుంది. ఆ ఏడాది కాయే అయితే రెండు వారాల్లో మొలక లేస్తుంది.